మెట్టవలస పెట్టెలో రోహిణి

విశాలాక్షమ్మగారి దగ్గర పంచాంగ గణితం నేర్చుకోవడానికి వచ్చిన రెండో నెలలోనే మార్కండేయులు ఆ ప్రశ్న అడిగాడు. "అమ్మగారూ, ఒకే లైబ్రరీని ఒకే కంప్యూటర్లో మూడుచోట్ల మూడుసార్లు పెట్టుకోవడం దండగ కదండీ? ఒక్కచోట పెడితే మూడు ప్రోగ్రాములూ దాన్నే వాడుకుంటాయి కదా!" ఆవిడ కాగితాల మీంచి తలెత్తి, కళ్ళజోడు పైనుంచి అతన్ని ఒకసారి చూసి, "మంచి ప్రశ్నే. చెప్పుకుందాంలే" అని మళ్ళీ తల దించుకున్నారు. ఆవిడ సంగతి తెలియనివాళ్ళు దాన్ని జవాబు ఎగ్గొట్టడం అనుకుంటారు. ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఏ ప్రశ్నకి అప్పటికప్పుడు జవాబు చెప్పాలో, ఏ ప్రశ్నకి అది తనంతట తాను ఎదురయ్యేదాకా ఆగాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. శ్రావణంలో అడిగిన ఆ ప్రశ్నకి పుష్యమాసం దాకా జవాబు రాలేదు.

పాలకొండలో ఆవిణ్ణి అందరూ సిద్ధాంతమ్మగారు అంటారు. ఆవిడ తండ్రి లక్కవరపు సోమనాథ సిద్ధాంతిగారు పేరున్న పంచాంగకర్త. నడివయసులోనే ఆయనకి చూపు మందగిస్తే, పదకొండేళ్ళ కూతురు పక్కన కూర్చుని పట్టికలు చదివి వినిపించేది. వినిపిస్తూ వినిపిస్తూ లెక్క వేయడం నేర్చుకుంది. ఆయన పోయాక, ఆడపిల్ల పంచాంగం కట్టడమేమిటని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళే, ఆవిడ చెప్పిన గ్రహణం నిమిషం తప్పకుండా పట్టేసరికి పిల్లల ముహూర్తాలకి ఆ గుమ్మమే ఎక్కారు. ఉద్యోగం విరమించాక, అరవై ఒకటో ఏట, సెలవులకి వచ్చిన పాత విద్యార్థి ఒకతన్ని కూర్చోబెట్టుకుని పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారు. రోజుకో పాఠం, పాఠానికో పేజీ నోట్సు, తప్పు వస్తే ఎర్ర సిరాతో దిద్దుకోవడం. ఆ వయసులో నాలుగోక్లాసు పిల్లలా నోటుబుక్కు పట్టుకుని కూర్చోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో ఒక్కసారి ఆలోచించండి.

ఇక మార్కండేయులు ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఆ ఇంటి ముందుగదిలో గోడవారగా మూడు టేకు పెట్టెలుంటాయి. ఒకటి మెట్టవలస వేణుగోపాలస్వామి గుడి పంచాంగానిది. రెండోది ఏటిగట్టు శివాలయానిది. మూడోది విశాఖపట్నంలో ఒక సంఘం వాళ్ళు సిద్ధాంతిగారి రోజులనుంచీ రాయించుకుంటున్నది. ఆకాశంలో చంద్రుడు ఒక్కడే. కాని నక్షత్రాల లెక్క ఆకాశంలో ఏ చోటునుంచి మొదలుపెట్టాలన్న దగ్గర ఈ మూడు సంప్రదాయాలకీ పొత్తు కుదరదు. ఆ మొదలు చెప్పే అంకెని అయనాంశ అంటారు. అందులో ఒకటిన్నర డిగ్రీ తేడా వచ్చిందంటే, ఒక నక్షత్రం వెళ్ళిపోయే వేళ రెండున్నర గంటల పైచిలుకు అటో ఇటో జరుగుతుంది. అందుకని సోమనాథ సిద్ధాంతిగారు ఏ పంచాంగం పెట్టె ఆ పంచాంగానికే కేటాయించారు. దేని పట్టికలు దానికే, దేని పలక దానికే, చివరికి బలపం కూడా దేనిది దానికే. మూడింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఉండే గుణకారాల పుస్తకాన్ని సైతం మూడు ప్రతులు రాయించి మూడు పెట్టెల్లో పెట్టారు. ఒక పెట్టె మూసి, చేతులు కడుక్కున్నాకే రెండోది తెరిచేవారు. కూతురూ అదే అలవాటు నిలుపుకుంది. ప్రతి పెట్టెలోనూ ఒక సాక్షి చీటీ కూడా ఉంటుంది. ఆ గుడికో సంఘానికో సంబంధించిన ఒక పాత రోజు, ఆ రోజు నక్షత్రం ఎప్పటివరకు ఉందో సిద్ధాంతిగారు స్వయంగా వేసిన లెక్క. కొత్త సంవత్సరం పంచాంగం ఇచ్చేముందు ఆ పాత రోజుని మళ్ళీ గణించి చూడాలి. చీటీలో ఉన్న వేళే వస్తే లెక్క సవ్యంగా నడుస్తున్నట్టు.

కంప్యూటర్ కొన్నాక విశాలాక్షమ్మగారు అందులోనూ ఇదే ఏర్పాటు చేసుకున్నారు. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము ఒంటరిగా పనిచేయదు. ఎక్కడెక్కడివాళ్ళో ముందే రాసిపెట్టిన లెక్కల కట్టల మీద, అంటే లైబ్రరీల మీద, ఆధారపడుతుంది. ఆ రాసేవాళ్ళు వాటిని ఊరికే ఉంచరు, ఏటా ఏదో ఒకటి మారుస్తూ కొత్త వెర్షన్లు తెస్తుంటారు. ఒక ప్రోగ్రాముకి పాత వెర్షనే కావాలి, ఇంకోదానికి కొత్తది లేకపోతే గడవదు. అందుకని ఒక్కొక్క ప్రాజెక్టుకి ఒక్కొక్క వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టుకునే వీలు పైథాన్‌లోనే ఉంది. అంత పొడుగు పేరు నోరు తిరగక ఆవిడ దాన్ని గది అనేవారు. ఏ గదిలోకి వెళ్ళి పనిచేస్తే ఆ గదిలో పెట్టుకున్న లైబ్రరీలే అందుతాయి, పక్కగదిలో ఏముందో దానికి పట్టదు. ఏ గదిలో ఉన్నామో తెర మీద లైను మొదట్లోనే పేరు కనబడుతుంది. గ్రహగతి అనే లైబ్రరీ మూడు గదుల్లోనూ ఉంది, మెట్టవలస గదిలో పాతది, మిగతావాటిలో దేనికి తగ్గది దానికి. మార్కండేయులుకి దండగగా కనబడింది అదే.

మార్కండేయులుకి అప్పటికి ముప్పై ఒకటి. విజయనగరంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతూ, ఆ ఉద్యోగం వదులుకుని వచ్చాడు. అతని తాత సిద్ధాంతి. తండ్రి ఆ విద్య ముట్టుకోలేదు. తెగిపోయిన ఆ దారాన్ని మళ్ళీ ముడివేయాలని అతని తాపత్రయం. తెలివైనవాడు, కష్టపడేవాడు, పైథాన్ మటుకు వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కావలసిన లైబ్రరీ ఏదైనా సరే కంప్యూటర్లో ఒక్కచోట కుమ్మరించి వాడుకోవడమే అతనికి తెలిసిన పద్ధతి. దసరా వెళ్ళాక ఒకరోజు ఆవిడ అన్నారు: "ఈసారి మూడు పంచాంగాల లెక్కా నువ్వే వెయ్యి. నేను సరిచూస్తాను. నిలబడితే మొదటి పేజీలో నా పేరు కింద నీ పేరు వేయిద్దాం." ఆ ప్రాంతంలో పంచాంగం మొదటి పేజీ మీద పేరు పడితే ఇక ఆ మనిషి సిద్ధాంతే, వేరే పట్టా అక్కర్లేదు. ఆ రోజునుంచి మార్కండేయులుకి నిద్రలోనూ మొదటి పేజీయే. నోటుబుక్కు చివర తన పేరు రకరకాలుగా రాసి చూసుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళవాడు ఇలా చేయడం చూస్తే నవ్వొస్తుంది గాని, ఆ కోరికలో చెడ్డ ఏమీ లేదు.

పుష్యమాసంలో విశాలాక్షమ్మగారు చెల్లెలి ఇంట గృహప్రవేశానికని బొబ్బిలి వెళ్ళారు. మూడు రోజులు. వచ్చిన మర్నాటి మధ్యాహ్నం ప్రెస్సు అప్పన్న కాగితాలు పట్టుకుపోవడానికి వస్తాడు. మార్కండేయులు లెక్కలు మొదలుపెట్టేసరికి కంప్యూటర్ మొరాయించింది. డిస్కు నిండిపోయిందని తెర మీద ఒకటే నస. అతనికి మూడు గదులూ గుర్తొచ్చాయి. అమ్మగారు వచ్చేసరికి ఇల్లు సర్దినట్టు సర్దిపెడదామనుకున్నాడు. మంచి ఉద్దేశమే. మూడు గదులూ చెరిపేశాడు. గ్రహగతి తాజా వెర్షన్‌ని కంప్యూటర్‌కంతటికీ ఒక్కసారి పెట్టాడు. మూడు ప్రోగ్రాములూ నడిపాడు. ఒక్కటీ కిక్కురుమనలేదు. ఎక్కడా తప్పు చూపలేదు, ఎర్ర అక్షరం ఒక్కటి రాలేదు. కొత్త లైబ్రరీకి తగ్గట్టు రాసింది విశాఖపట్నం ప్రోగ్రామే కనుక దాని సాక్షి చీటీ తీసి చూశాడు. నిమిషంతో సహా సరిపోయింది. మూడూ ఇప్పుడు ఒకే లైబ్రరీ మీద నడుస్తున్నాయి, ఒకటి సరిపోయిందంటే మూడూ సరిపోయినట్టే అని చేతులు దులుపుకున్నాడు. బాగా చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటే ఇది. అంత చదువు లేనివాడైతే భయపడి మూడూ చూసి ఉండేవాడు.

ఊరినుంచి దిగి కాళ్ళు కడుక్కుంటుండగానే విశాలాక్షమ్మగారికి అతను సంబరంగా అంతా చెప్పాడు. గదులు తీసేశానని, ఇక దేనికీ మూడు ప్రతులు అక్కర్లేదని, మూడు పంచాంగాలూ తయారని. ఆవిడ తుండుతో ముఖం తుడుచుకుంటూ విని, "సాక్షి చూశావా?" అన్నారు. "చూశానండీ" అన్నాడు. అబద్ధమేమీ కాదు, ఒకటి చూశాడు. ఆవిడ ఇంకేం అడగలేదు. "రేపు పొద్దున్న మెట్టవలసనుంచి ఆచార్యులుగారు వస్తారు. కల్యాణం ముహూర్తం నువ్వే చదివి వినిపించు" అని మాత్రం అన్నారు. ఆ మాటతో అతనికి తన పేరు అచ్చయిపోయినంత ఆనందం కలిగింది.

పరాంకుశాచార్యులుగారు మెట్టవలస గుడి అర్చకస్వామి. డెబ్బై ఎనిమిదేళ్ళు. స్వామివారి కల్యాణ ముహూర్తాన్ని ఫోన్లో పుచ్చుకోవడం ఆయనకి మనస్కరించదు. ఏటా పద్దెనిమిది కిలోమీటర్లు బస్సులో వచ్చి, ముందు తులసిమాల ఇచ్చి, తర్వాత అడిగి, తన చేత్తో రాసుకుని వెళతారు. పరాయి ఇంట మంచినీళ్ళు కూడా ముట్టరు గనుక విశాలాక్షమ్మగారు ఎప్పుడూ ఆయనకోసం రెండు అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టి ఉంచుతారు. ఆవేళా అలాగే పెట్టారు. ఆయన కుర్చీలో కూర్చుని, సంచీలోంచి పుస్తకం, కలం తీసి, "చెప్పండమ్మా" అన్నారు. "మా మార్కండేయులు చెబుతాడండీ" అన్నారావిడ.

మార్కండేయులు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే ఏడాది మాఘ శుద్ధ నవమి. రోహిణీ నక్షత్రం పగలు పదకొండు గంటల యాభై రెండు నిమిషాల వరకు. మాంగల్యధారణ మేషలగ్నంలో, పది గంటల ఇరవై నిమిషాలకి." ఆచార్యులుగారి ముఖం విప్పారింది. "పది ఇరవై! వచ్చే ఏటికి స్వామి మా ఊరివాళ్ళ మీద దయ చూపించాడమ్మా. చేలకి నీళ్ళు పెట్టుకుని వచ్చేవాళ్ళకీ అందుతుంది." రాసుకోబోతూ మార్కండేయులువైపు తిరిగి, "నీకు తెలుసో లేదో నాయనా, రోహిణి దాటితే మా స్వామి తాళి కట్టడు. మా తాతగారి రోజుల్లో ఒక ఏడు గాలివాన వచ్చి ఆలస్యమైపోయింది. పందిరంతా జనం. రోహిణి దాటిపోయిందని తెలిసి, పీటల మీద వేంచేసి ఉన్న పెళ్ళికొడుకుని లేపి లోపలికి తీసుకుపోయారు. మళ్ళీ రోహిణి వచ్చేదాకా ఇరవయ్యేడు రోజులు ఊళ్ళో ఎవరింటా శుభకార్యం లేదు. మా తాతగారు ఆ ఇరవయ్యేడు రోజులూ ఒంటిపూట తిన్నారు" అన్నారు. మార్కండేయులు వినయంగా తల ఊపాడు.

"కలం కాస్త ఆపండి ఆచార్యులుగారూ" అన్నారు విశాలాక్షమ్మగారు. "సాక్షి చూపించి ఇవ్వడం మా నాన్నగారి ఆనవాయితీ. మార్కండేయా, మెట్టవలస పెట్టె తియ్యి." తాళంచెవి అతని చేతిలో పెట్టారు. అతను పెట్టె తెరిచి, పట్టికల పుస్తకం మొదటి అట్టలోంచి చీటీ తీశాడు. పసుపుపచ్చగా పండిపోయిన కాగితం. మెట్టవలసలో ధ్వజస్తంభం ప్రతిష్ఠించిన రోజు. సిద్ధాంతిగారి గుండ్రటి అక్షరాలు: రోహిణి రాత్రి 7-36 వరకు. మార్కండేయులు ఆ తేదీ కంప్యూటర్‌కి ఇచ్చాడు. తెర మీద రోహిణి రాత్రి 10-09 వరకు అని వచ్చింది. తేదీ తప్పు కొట్టాననుకుని మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ 10-09.

రెండున్నర గంటల తేడా చూడగానే అతనికి సంగతి తట్టింది. లైబ్రరీ కొత్త వెర్షన్లో అయనాంశ మార్చేశారు. ఏ అయనాంశ కావాలో ప్రోగ్రాము ప్రత్యేకంగా చెప్పకపోతే పాత వెర్షను ఒకటి వేసుకునేది, కొత్తది ఇంకొకటి వేసుకుంటోంది. మెట్టవలస ప్రోగ్రాము రాసినప్పుడు చెప్పవలసిన అవసరమే లేదు, చెప్పలేదు. అందుకే నోరెత్తకుండా నడిచి, నోరెత్తకుండా తప్పు చెప్పింది. ఆ తప్పు లెక్కతోనే తను పది ఇరవై అని గొంతు సవరించుకుని మరీ చదివాడు. ఆచార్యులుగారు రాసుకుని బస్సెక్కి ఉంటే ఏమయ్యేది? ఊరంతా పందిట్లో కూర్చున్నాక, వాళ్ళ లెక్క ప్రకారం రోహిణి ఎప్పుడో వెళ్ళిపోయిన వేళ, ఈ ముసలాయన తాళి ఎత్తి చూపించేవారు. ఆయన తాత ఒంటిపూట తిన్న కథ చెవుల్లో గింగురుమంటుంటే మార్కండేయులుకి తలెత్తి ఆయన ముఖం చూసే ధైర్యం లేకపోయింది. మొదటి పేజీ మీద పేరు మాట అతను అప్పుడే వదిలేసుకున్నాడు.

"ఏమిటమ్మా? ఏమైనా దోషమా?" అన్నారు ఆచార్యులుగారు కంగారుగా. "దోషమేం లేదండీ. మావాడు వేరే గదిలో కూర్చుని మీ లెక్క వేశాడు. ఒక అరగంట ఉండండి. సరిగ్గా వేసి ఇస్తాడు" అన్నారు విశాలాక్షమ్మగారు. నేను వేసి ఇస్తాననలేదు, ఇస్తాడు అన్నారు. పరువు పోయిన మనిషికి నిలబడడానికి ఆ ఒక్క మాట చాలు. ఆ మాట అనగలిగిన గురువు దొరకడం అతని అదృష్టమనే చెప్పాలి. అతను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అమ్మగారూ, పాత గది లేదండీ. నేను చెరిపేశాను. అందులో ఏ వెర్షను ఉండేదో కూడా నాకు గుర్తులేదు" అన్నాడు. "పెట్టె అడుగున చూడు" అన్నారావిడ, అరటిపళ్ళ పళ్ళెం ఆచార్యులుగారి ముందుకి జరుపుతూ.

పలక కింద, గుణకారాల పుస్తకం కింద, ఒక తెల్ల కాగితం, మూటకట్టిన చిన్న పట్టుగుడ్డ ఉన్నాయి. కాగితం మీద విశాలాక్షమ్మగారి చేతిరాత. పైన తేదీ, దాని కింద ఏ పైథాన్, ఆ కింద వరసగా ఏయే లైబ్రరీలు, ఒక్కొక్కదాని ఎదురుగా దాని వెర్షను అంకె. గ్రహగతి ఎదురుగా 1.4 అని రాసి కింద రెండు గీతలు. గుడ్డలో ఒక పెన్‌డ్రైవ్, అందులో ఆ లైబ్రరీలన్నీ, ఆ వెర్షన్లవే. రేపు ఇంటర్నెట్‌లో ఆ పాతవి దొరకకుండా పోయినా ఈ గది మళ్ళీ కట్టుకోవచ్చు. మార్కండేయులు ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నెలల తరబడి ఆ పెట్టె రోజూ తెరిచాడు, అడుగున ఏముందో ఒక్కనాడూ చూడలేదు. తండ్రి పట్టికలకి చేసిన పనినే కూతురు కంప్యూటర్‌కీ చేసింది. గోల లేదు, గొప్పలు లేవు, అరవై దాటాక నేర్చుకున్న విద్యకి ఇంత ముందుచూపు. తను వీడియోలు చూసి నేర్చుకున్నదంతా ఆ ఒక్క కాగితం ముందు అతనికి చాలా చిన్నగా కనబడింది.

అతను పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. ఎవరూ చెప్పలేదు. కూర్చుని మెట్టవలస పేరుతో ఖాళీ గది కొత్తగా కట్టాడు. అందులోకి వెళ్ళాడు. లైను మొదట్లో ఆ పేరు కనబడింది. కాగితం పక్కన పెట్టుకుని, పైనుంచి కిందికి ఒక్కొక్క లైబ్రరీ, రాసి ఉన్న వెర్షనే, పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చి పెట్టాడు. ఒక్కటి కూడా కొత్తది కాదు, ఒక్కటి కూడా ఎక్కువ కాదు. పెట్టిన ప్రతిదాని ఎదురుగా పెన్సిల్‌తో చిన్న టిక్కు. ఈలోగా వసారాలో ఆచార్యులుగారు ధ్వజస్తంభానికి ఏ ఊరి కర్ర తెచ్చారో, ఎన్ని బళ్ళు కట్టారో చెబుతుంటే విశాలాక్షమ్మగారు తీరుబడిగా వింటున్నారు, అసలేమీ జరగనట్టే. చివరి టిక్కు పెట్టాక మార్కండేయులు ధ్వజస్తంభం రోజు తేదీ ఇచ్చాడు. రోహిణి రాత్రి 7-36 వరకు.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాభై ఏడేళ్ళ కిందట చూపు ఆనని ఒక పెద్దాయన, కూతురు చదువుతుంటే వేళ్ళ మీద వేసిన లెక్క. అది నిమిషం తేడా లేకుండా తెర మీదికి వచ్చి నిలబడింది. ఆ పైన కొత్త పంచాంగంలోని మాఘ శుద్ధ నవమి గణించాడు. కాగితం పట్టుకుని వసారాలోకి వెళ్ళి ఆచార్యులుగారి ముందు నిలబడ్డాడు. "స్వామీ, ఇందాక నేను చెప్పింది తప్పు. మీ గుడి లెక్కలో రోహిణి పొద్దున్న తొమ్మిది పద్నాలుగుకే వెళ్ళిపోతుంది. మీనలగ్నం, ఎనిమిది నలభై రెండుకి మాంగల్యధారణ. పది ఇరవై అని రాసుకుని ఉంటే కొట్టెయ్యండి." అప్పుడు ఆచార్యులుగారికి విషయం అర్థమైంది. "ఎనిమిది నలభై రెండు" అని నెమ్మదిగా రాసుకుని, పుస్తకం మూసి, "చేలకి నీళ్ళు ముందురోజే పెట్టుకోమని దండోరా వేయిస్తాలే. దిద్దుకుని ఎదురుగా వచ్చి చెప్పావు. నాకది చాలు నాయనా" అని తులసిమాలలోంచి ఒక రెమ్మ తుంచి అతని చేతిలో పెట్టి వెళ్ళారు.

మధ్యాహ్నంలోగా అతను మిగతా రెండు గదులూ కట్టాడు. ఏటిగట్టు శివాలయం పెట్టె అడుగునా ఒక కాగితం, ఒక పెన్‌డ్రైవ్ ఉన్నాయి, విశాఖపట్నం పెట్టె అడుగునా ఉన్నాయి. ఒక గదిలోంచి బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, రెండో గదిలోకి వెళ్ళాడు. మూడు సాక్షులూ కుదిరాయి. డిస్కు సంగతి అడిగితే ఆవిడ నవ్వారు. "గదులు ఎంతో చోటు తినవయ్యా. మా చెల్లెలి మనవడి ఉపనయనం వీడియోలు రెండేళ్ళనుంచి అందులోనే పడి ఉన్నాయి. వాటిని తీసి ఆవిడకి పంపించెయ్యి." మార్కండేయులు చూశాడు. నిజమే. మూడు గదులూ కలిపి ఆ కుర్రాడి భిక్ష వీడియో అంత కూడా లేవు.

మూడు గంటలకి అప్పన్న వచ్చాడు. "కాయితాలు తయారేనా అమ్మగోరూ? సాయంత్రం దాటితే మిషను పెళ్ళికార్డులకి ఎల్లిపోద్దండి" అన్నాడు గుమ్మంలోంచే. విశాలాక్షమ్మగారు మూడు పంచాంగాల మొదటి పేజీలూ బల్ల మీద పరిచి, కలం మూత తీశారు. మార్కండేయులు ముందుకి వచ్చి, "నా పేరు వద్దండీ ఈ ఏడు" అన్నాడు. ఆవిడ విననట్టే మెట్టవలస పేజీ దగ్గరికి లాక్కుని, తన పేరు కింద అతని పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశారు. మిగతా రెండు పేజీల్లో ఆవిడ పేరు ఒక్కటే ఉంది. "తప్పు చేసింది ఇందులోనే కదండీ" అన్నాడతను తెల్లబోయి. "అందుకే ఇందులో" అని సిరా ఆరేదాకా ఊది, కాగితాలు అప్పన్న చేతికిచ్చి పంపించారు.

అప్పన్న సైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగాక కూడా మార్కండేయులు తెర ముందునుంచి లేవలేదు. తెర మీద రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి ఉన్నాయి, ఒకటి మెట్టవలస గది, ఇంకొకటి విశాఖపట్నం గది. ఒకదానిలో మాఘ శుద్ధ నవమి నాటి రోహిణి తొమ్మిది పద్నాలుగుకి వెళ్ళిపోతోంది. రెండోదానిలో అదే రోహిణి పదకొండు యాభై రెండు దాకా ఉంటోంది. శ్రావణంలో అడిగిన ప్రశ్న అతనికి ఇక గుర్తులేదు. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. "అమ్మగారూ, పైన ఉన్న చంద్రుడు ఒక్కడే కదండీ. ఈ రెండింటిలో అసలు నిజం ఏది?"

విశాలాక్షమ్మగారు మెట్టవలస పెట్టె మూసి, తాళం వేసి, చేతులు కడుక్కోవడానికి పెరటివైపు నడుస్తూ అన్నారు: "ఏ గదిలో కూర్చుని అడుగుతున్నావు, మార్కండేయా?"